మచ్చ కరిగించే మందు

కనకరత్నం మొదట్లో రెండు కూరలు వండేది. ఒకటి తనకీ ఆడపడుచుకీ, ఇంకొకటి ఉప్పు లేకుండా మొగుడికి. నెల తిరిగేసరికి ఆ రెండోది ఒక్కటే మిగిలింది. చప్పటి ముద్ద మింగలేక మింగుతున్న మనిషి ఎదురుగా కూర్చుని ఆవకాయ కలుపుకోవడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

గంగాధరం కాకినాడ రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. గట్టుమీద నిలబడి చప్పుడు విని, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. తన ఒంట్లో ఏది పాడవుతోందో మాత్రం కళ్ళు పచ్చబడి, కాళ్ళు వాచి, పొట్ట కుండలా ఉబ్బేదాకా అతనికి తెలియలేదు. కాలేయం గట్టిపడిపోయిందన్నారు డాక్టర్లు. అతను చుక్క ముట్టని మనిషి. ఎప్పుడో చిన్నతనంలో ఎవరో మరగబెట్టని సూదితో ఇంజెక్షను పొడిచారు. దాంతో ఒంట్లో చేరిన వైరస్ ఏళ్ళ తరబడి అలికిడి లేకుండా తన పని చేసుకుపోయింది. దాన్ని మందులతో చంపగలిగారు గానీ, అది చేసిన గాయాలను ఏమీ చెయ్యలేకపోయారు. గాయమైన ప్రతిచోటా కాలేయం పీచు కట్టుకుని మచ్చ తేలింది. చివరికి మెత్తటి కండ తగ్గిపోయి మచ్చలే మిగిలాయి.

అప్పటినుంచి ఆ ఇంట్లో రోజులు వేరే పద్ధతిలో నడిచాయి. పొద్దున్న లేస్తూనే బరువు చూడాలి. ఉన్నట్టుండి పెరిగితే పొట్టలో నీరు చేరుతున్నట్టు. నీరు మరీ ఎక్కువైతే ఆస్పత్రికి వెళ్ళి సూది గుచ్చి తీయించాలి. ఎంత ఒళ్ళునొప్పులైనా నొప్పి బిళ్ళ మింగకూడదు. విరేచనం అయ్యే తియ్యటి సిరప్పు తప్పకుండా తాగాలి, లేకపోతే కాలేయం వడకట్టలేని విషం మెదడుకెక్కుతుంది. ఒకసారి అలా తప్పింది. ఆ పొద్దుట గంగాధరం చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకాక గుమ్మంలో నిలబడి, కట్టుకున్న పెళ్ళాన్ని పట్టుకుని, "ఏవండీ, ఈ ఇల్లెవరిదండీ?" అని మర్యాదగా అడిగాడు.

కనకరత్నం దగ్గరికెళ్ళి అతని గుండీలు పెట్టింది. తర్వాత, "మనదేనండీ. రండి, ఆటో ఎక్కుదాం," అంది.

కాలేయం మారిస్తే బతుకుతాడు. కానీ ఎవరిస్తారు? కనకరత్నానికి షుగరు. గంగాధరం చెల్లెలు భ్రమరాంబ రక్తం గ్రూపు కలవలేదు. పెళ్ళయి పిఠాపురంలో ఉంటున్న కూతురు హిమబిందు, నేనిస్తానంటూ పరుగున వచ్చింది. పరీక్షలు చేస్తే ఆమె కడుపుతో ఉన్నట్టు తేలింది. గంగాధరం చాలా రోజుల తర్వాత నవ్వాడు. "నాకోసం వెతుకుతుంటే ఇంకెవరో దొరికేరన్నమాట," అన్నాడు.

భ్రమరాంబ మాత్రం నవ్వలేకపోయింది. ఆమె ఆ ఇంటి మేడమీద గదిలోనే ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఉప్పాడ దారిలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పరిశోధనాలయంలో శాస్త్రవేత్త. అన్నయ్య పొట్టలోంచి తీసిన నీళ్ళతో సీసాలు నిండుతుంటే పక్కన నిలబడి చూసి, అక్కణ్ణించి నేరుగా తన నీళ్ళ తొట్టెల దగ్గరికి వెళ్ళేది.

ఆ తొట్టెల్లో సముద్రదోసకాయలుండేవి. పేరుకే దోసకాయలు, నిజానికి ప్రాణులు. చేత్తో పట్టుకుంటే కట్టెలా బిగుసుకుంటాయి. రాతి సందులోకి దూరాలంటే ఒళ్ళు జావలా వదులు చేసుకుంటాయి. మనిషి మచ్చలో ఉండేలాంటి పీచే వాటి ఒంట్లోనూ ఉంది. దాన్ని బిగించడమూ వదులు చెయ్యడమూ వాటికి తెలుసు. ఆ వదులు చేసే పదార్థాన్ని విడదీసి, మనిషి ఒంటికి పడేలా మార్చడం మీదే భ్రమరాంబ తన వయసంతా పెట్టింది. చివరికి కాలేయం గట్టిపడిన ఎలుకలకు ఆ మందు ఎక్కించి, కొన్ని వారాల తర్వాత కోసి చూసింది. గులకరాళ్ళ సంచిలా ఉండాల్సిన కాలేయాలు నున్నగా, ఎర్రగా, వేలు పెడితే అణిగేలా ఉన్నాయి.

మనుషుల మీద పరీక్షించడానికి అనుమతి వచ్చింది. ఆస్పత్రి వైపు నుంచి ఆ పని చూసేది డాక్టర్ నస్రీన్. కాలేయ వైద్యంలో జుట్టు నెరిసిన మనిషి.

"మొదటి విడతలో ఆరుగురు. ఎవరిని తీసుకోవాలో తేల్చేటప్పుడు మీరు ఈ గదిలో ఉండకూడదు భ్రమరాంబగారూ," అంది ఆమె.

"ఉండను. ఒక్క మాట..."

"ఆ మాట మీరు అడగలేదు, నేను వినలేదు. మీ అన్నగారి రిపోర్టులు చూసి ఎవరైనా ఆయన్ని పిలుస్తారు. అంత బాగోలేదు ఆయనకి."

ఆ సాయంత్రం భ్రమరాంబ విషయమంతా ఇంట్లో చెప్పింది. గంగాధరం మంచంమీద దిండుకి ఆనుకుని విన్నాడు.

"ఇంజన్లో పేరుకున్న మసి గోకేస్తావన్నమాట."

"అలాంటిదే అన్నయ్యా."

"ప్రమాదం ఉందా?"

"ఎలుకలకి ఏమీ కాలేదు. మనుషుల సంగతి... ఇచ్చాకగానీ తెలియదు."

కనకరత్నం గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. "నువ్వు తయారుచేసిందేగా అమ్మాయీ? ఇంక ఆలోచన దేనికీ?" అంది.

*

మందు వారానికోసారి నరంలోకి ఎక్కించేవారు. మొదట్లో ఏ మార్పూ కనిపించలేదు. ఆ తర్వాత ఒకరోజు గంగాధరం బరువు చూసుకుంటే తగ్గింది. ఇంకో వారానికి కాళ్ళ వాపు దిగింది. కళ్ళలో పచ్చదనం పోయి, మొహం మొహంలా కనిపించసాగింది. కొద్దికొద్దిగా ఉప్పు వేసుకోవచ్చని నస్రీన్ అన్నరోజు కనకరత్నం గోంగూరా రొయ్యలూ వండింది. గంగాధరం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమలకుండా అలాగే కూర్చుండిపోయాడు.

పక్క మంచం రోగి లోవరాజుది తుని. ఆటో తోలేవాడు. తాగి తాగి కాలేయం పాడుచేసుకుని, మానేసేసరికే ఆలస్యమైపోయినవాడు. గంగాధరానికంటే పదిహేనేళ్ళు చిన్న. మందు ఎక్కుతుంటే ఇద్దరూ పక్కపక్కన పడుకుని, డీజిలు ఇంజను గొప్పదా గ్యాసు ఇంజను గొప్పదా అని వాదించుకునేవారు. లోవరాజు పెళ్ళాం వరాలు భ్రమరాంబ కనిపించినప్పుడల్లా వంగి కాళ్ళు పట్టుకోబోయేది. "వద్దమ్మా, వద్దు," అని భ్రమరాంబ వెనక్కి జరిగేది. జరిగినా, లోపల పొంగిపోయేది. అది దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

గంగాధరం మళ్ళీ రేవుకెళ్ళాడు. బరువులెత్తకుండా గట్టుమీద కూర్చుని కుర్రాళ్ళకి పని చెప్పేవాడు. హిమబిందుకి ఏడోనెల రాగానే పురుటికి పిలుచుకొచ్చారు. కూతురు అరుగుమీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే, తండ్రి పక్కన కూర్చుని ఉసిరికాయలు కోసి పెట్టేవాడు.

ఒక ఆదివారం భ్రమరాంబ కిందికి దిగి వచ్చేసరికి వదిన మొగుడి చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పి చూస్తోంది.

"ఇలా రా అమ్మాయీ, ఈ వింత చూడు. సైలెన్సరు గొట్టం కాలి ఇక్కడ జానెడు మచ్చుండాలి కదూ? ఏదీ? పెళ్ళినాటి చెయ్యిలా లేదూ?"

హిమబిందు కూడా నవ్వుతూ, "మోకాలిమీద మచ్చ కూడా పోయిందత్తా. నాన్న సినిమా హీరో అయిపోతున్నాడు," అంది.

భ్రమరాంబ అన్నయ్య చెయ్యి పట్టుకుంది. వేలితో తడిమింది. చర్మం నున్నగా, పసిపిల్లల చర్మంలా ఉంది. మందు కాలేయందాకే వెళ్ళి ఆగడంలేదు. ఒళ్ళంతా తిరుగుతోంది. ఎక్కడ మచ్చ కనిపిస్తే అక్కడ కరిగిస్తోంది. దానికి ఇది మంచి మచ్చ, ఇది చెడ్డ మచ్చ అన్న తేడా తెలియదు.

"ఏంటే అలా చూస్తావు?" అన్నాడు గంగాధరం. అంటూనే దగ్గాడు. చిన్న పొడిదగ్గు.

"ఎన్నాళ్ళనుంచి అన్నయ్యా ఈ దగ్గు?"

"ఏదో నాలుగు రోజుల్నుంచి. గట్టుమీద గాలి పడలేదు."

*

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన తెల్లటి మబ్బులాంటిది కనిపించింది. కళ్ళెలో క్షయ క్రిములు బయటపడ్డాయి. నస్రీన్ రిపోర్టు బల్లమీద పెట్టి, పాత ఎక్స్‌రే కూడా తెరమీద వేసింది. మందు మొదలుపెట్టకముందు తీసినది. అందులో సరిగ్గా అదే చోట సున్నం చుక్కంత గట్టి మచ్చ ఉంది.

"ఇది చూశాం మనం. ఎప్పుడో మానిపోయిన పాత మచ్చ అని పక్కన పెట్టేశాం. ఈ ఊళ్ళో సగం మంది ఊపిరితిత్తుల్లో ఇలాంటివి ఉంటాయి," అంది నస్రీన్.

ఆ చుక్క ఏమిటో ఇప్పుడు భ్రమరాంబకు తెలిసింది. క్షయ క్రిమి ఒంట్లో దూరినప్పుడు, దాన్ని చంపలేకపోతే, శరీరం దానిచుట్టూ మచ్చతో గోడ కడుతుంది. లోపల క్రిమి చావదు, బయటికీ రాదు. మనిషి ఏమీ ఎరగకుండా బతికేస్తాడు. అలాంటి గోడను ఆమె మందు కరిగించింది. ఎలుకల్లో ఇది ఎందుకు బయటపడలేదో కూడా తెలిసింది. అవి శుభ్రమైన గదుల్లో పుట్టి, శుభ్రమైన మేత తిని, నెలల వయసులో పరీక్షకు వచ్చిన ప్రాణులు. వాటి ఒంట్లో పాత జబ్బులు ఎక్కడినుంచి వస్తాయి?

"మందులు మొదలుపెడదాం," అంది భ్రమరాంబ.

"అక్కడే ఉంది చిక్కు," అంది నస్రీన్. "క్షయని గట్టిగా కొట్టే బిళ్ళలు ముందు కాలేయం మీద పడతాయి. ఆయన కాలేయం ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది, తట్టుకోలేదు. కాలేయం జోలికి రాని మందులున్నాయి గానీ, అవి నిదానం. మీ మందు నడుస్తున్నంత కాలం కొత్త గోడా లేవదు. మీ మందు ఆపేస్తే..."

"కాలేయం మళ్ళీ గట్టిపడుతుంది."

"వైరస్ పోయినా పీచు కట్టే కణాలు పోలేదు, మందు ఆపగానే ముందుకంటే తొందరగా కడతాయి," అంది నస్రీన్.

భ్రమరాంబ ఇంటికొచ్చి అన్నయ్యకి అంతా దాచకుండా చెప్పింది.

"అది అమ్మ జబ్బే," అన్నాడు.

వాళ్ళ తల్లి క్షయతోనే పోయింది. అప్పటికి భ్రమరాంబకు ఏడాది నిండలేదు.

"నిన్ను పిన్ని పట్టుకుపోయింది. నాన్న డ్యూటీకెళ్తే అమ్మ దగ్గర నేనొక్కణ్ణే. గంజి పట్టేవాణ్ణి. దూరంగా పడుకోరా అనేది. నేను వినేవాణ్ణి కాదు, పక్కలో దూరేవాణ్ణి. అప్పుడు అంటుకునుంటుంది." చెల్లెలి మొహం చూసి గొంతు తేలిక చేసుకున్నాడు. "పడవ అడుగున తుప్పు గోకమంటే, అతుకు కూడా గోకేశావన్నమాట."

భ్రమరాంబ అతని మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. గంగాధరం ఆమె తలమీద చెయ్యి వెయ్యబోయి, దగ్గొచ్చి, మొహం అటు తిప్పుకుని, "లేవే, దూరంగా కూర్చో," అన్నాడు.

ఆ మర్నాడే హిమబిందుని పిఠాపురం పంపించేశారు. పురుటికొచ్చిన ఆడపిల్లని పురుడు పోయకుండా వెనక్కి పంపడం కనకరత్నానికి ప్రాణం పోయినట్టయింది. కారెక్కుతూ హిమబిందు, "నాన్నని ఒక్కసారి చూసెళ్తానమ్మా," అని మొండికేసింది. గంగాధరం గది తలుపు లోపల గడియ పెట్టుకున్నాడు. "వెళ్ళు తల్లీ. నేను బాగానే ఉన్నాను. వెళ్ళు," అని లోపలినుంచే కేకేశాడు. కూతురికీ, కనకరత్నానికీ, భ్రమరాంబకీ పరీక్షలు చేయించారు. ఎవరికీ అంటలేదు. ఆ ఇంటికి దక్కిన అదృష్టం అదొక్కటే.

*

ఆరుగురికీ మందు ఆపేయాలని నస్రీనూ భ్రమరాంబా తేల్చుకున్నారు. మిగతా ఐదుగురిలో ఒకామెకు పాత ఆపరేషను కుట్టు పలచబడి విచ్చుకోసాగింది. లోవరాజుకు మాత్రం ఏమీ లేదు. దగ్గు లేదు, ఊపిరితిత్తుల్లో చుక్క లేదు. రోజురోజుకీ తేరుకుంటున్నాడు.

భ్రమరాంబే వెళ్ళి చెప్పింది. లోవరాజు మంచంమీద లేచి కూర్చున్నాడు.

"ఆయనకి వచ్చిందని నాకెందుకాపుతారమ్మా? నాకేం రాలేదుగా."

"ఇంకెక్కడ ఏ మచ్చ ఉందో, అది దేన్ని ఆపుతోందో మాకు తెలియదు రాజూ. గుండెలో ఉండొచ్చు, పేగులో ఉండొచ్చు. అది కరిగిందంటే మేం పట్టుకునేలోపే ప్రాణం పోతుంది."

"ఆపితే మటుకు ఉంటుందా?"

వరాలు ఈసారి కాళ్ళు పట్టుకోబోలేదు. నిజంగానే పట్టుకుంది, వదల్లేదు. "ఎక్కడ కావాలంటే అక్కడ వేలిముద్రేస్తానమ్మా. పోతే మా ఆయనే పోతాడు, మిమ్మల్ని ఒక్క మాటనను. ఆపకండమ్మా. ఇద్దరు చంటిపిల్లలమ్మా నాకు."

భ్రమరాంబ నస్రీన్ వైపు చూసింది. నస్రీన్ తల అడ్డంగా ఊపింది. తప్పదని భ్రమరాంబకూ తెలుసు. అయినా ఆ పూటంతా ఆమె కాళ్ళమీద ఆ చేతుల పట్టు అలాగే ఉన్నట్టనిపించింది.

ఆ సంగతి గంగాధరం అడిగి తెలుసుకున్నాడు.

"నాది ఎప్పుడాపేవు?"

"నీదే ముందు ఆపాం అన్నయ్యా."

"మంచి పని చేశావు. నాకు నడిపించి అతనికి ఆపేస్తే, ఆ పిల్లాడి మొహం చూడలేకపోదును."

లోవరాజు, కాలేయం మళ్ళీ గట్టిపడి, వానాకాలం మొదట్లో రక్తం కక్కుకుని పోయాడు. శవాన్ని తుని తీసుకెళ్ళేటప్పుడు వరాలు ఆస్పత్రి మెట్లమీద భ్రమరాంబకు ఎదురుపడింది. తిడుతుందని భ్రమరాంబ ఆగి నిలబడింది. వరాలు ఆమెను గుర్తుపట్టనట్టే పక్కనుంచి దిగి వెళ్ళిపోయింది.

గంగాధరం పొట్టలో మళ్ళీ నీరు చేరింది. మళ్ళీ చప్పటి కూర, బరువు యంత్రం, తియ్యటి సిరప్పు. వాటికి తోడు క్షయ మందులు, రోజూ ఇంజెక్షను. ఊపిరితిత్తిలో జబ్బు నిదానించింది. నస్రీన్ కొత్త ఎక్స్‌రేలో మబ్బు అంచున సన్నటి గీత చూపించి, "గోడ లేస్తోంది," అంది. అదే వారం వచ్చిన స్కాను కూడా పక్కన పెట్టి చూపించింది. గోడ కాలేయంలోనూ లేస్తోంది, ఇంకా తొందరగా.

హిమబిందుకి ఆడపిల్ల పుట్టింది. బారసాలయ్యాక ఒకరోజు కారులో తీసుకొచ్చి, వీధిలో వేపచెట్టు నీడన నిలబడ్డారు. గంగాధరం ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, కనకరత్నం భుజం పట్టుకుని అరుగుమీదికొచ్చాడు. హిమబిందు బిడ్డను రెండు చేతులా పైకెత్తి చూపించింది.

"ఎవరి పోలికే?" అని కేకేశాడు గంగాధరం.

"నీదే నాన్నా! ముక్కు చూడు!"

అంత దూరంనుంచి అతనికి ముక్కేమీ కనిపించలేదు. అప్పటికే చూపు అలుక్కుపోతోంది. అయినా చాలాసేపు తలూపాడు. కారు మలుపు తిరిగాక కనకరత్నంతో, "ఎవరే ఆ అమ్మాయి? మంచిపిల్ల," అన్నాడు. కనకరత్నం అతన్ని లోపలికి నడిపించుకుపోయి సిరప్పు పట్టింది. ఈసారి సిరప్పు పనిచెయ్యలేదు. మళ్ళీ అతనికి పూర్తిగా తెలివి రాలేదు. ఆ నెలాఖరులో ఆస్పత్రిలో పోయాడు. చెల్లెలు ఒక చెయ్యి, పెళ్ళాం ఒక చెయ్యి పట్టుకుని ఉన్నారు.

*

కర్మలన్నీ అయిపోయాక ఒక సాయంత్రం నస్రీన్ ఇంటికొచ్చింది. అరుగుమీదే కూర్చుని, టీ వద్దని, మెల్లగా విషయం చెప్పింది. పైవాళ్ళు పరీక్షలు మళ్ళీ మొదలుపెడదామంటున్నారు. ముందే క్షయ పరీక్ష చేసి, పాత ఆపరేషన్లు లేనివాళ్ళని ఏరి ఇద్దామంటున్నారు. మందు పనిచేస్తుందనైతే తేలిపోయింది కదా అంటున్నారు. ఆలోచించుకోమని చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

కనకరత్నం గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా విన్నది.

"ఇస్తావా?" అంది.

"ఇవ్వను ఒదినా. ఇప్పుడప్పుడే ఇవ్వను. ఒంట్లో మచ్చలు వేటివేటిని పట్టి ఉంచుతున్నాయో తెలిసేదాకా ఎవరికీ ఇవ్వను."

కనకరత్నం చేతిలో ఉన్న చిక్కుడుకాయ ఈనె తీసి, గింజలు చేటలో వేసింది.

"మరి మీ అన్నయ్యకెందుకిచ్చావు?"

కోపంగా అడగలేదు. తెలియక అడిగినట్టే అడిగింది. భ్రమరాంబ నోరు తెరిచింది. ఎలుకలు, అనుమతులు, నస్రీన్ నిర్ణయం అన్నీ గొంతుదాకా వచ్చాయి. అవేవీ అసలు కారణం కావని ఆమెకు తెలుసు.

"చచ్చిపోతున్నాడు ఒదినా. నా దగ్గర మందుంది. ఆగలేకపోయాను."

"నేనూ ఆగలేకపోయాను," అంది కనకరత్నం. "ఆలోచన దేనికన్నాను. గుర్తుందా? ఆయన నీకేసి చూశాడు, నాకేసి చూశాడు. ఇద్దరిలో ఒక్కరం వద్దంటే ఆగిపోయేవాడు. అప్పుడైతే ఇంకో ఏడాది నా చప్పటి కూరే తిట్టుకుంటూ తినేవాడేమో. మనవరాలిని ఒళ్ళో వేసుకునేవాడేమో."

చేటలో గింజలు ఒకవైపుకి సర్దింది.

"నీమీద కోపం వస్తే బావుణ్ణు అమ్మాయీ. నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. రావట్లేదు."

లోపల బిడ్డ లేచి ఏడ్చింది. హిమబిందు నిన్ననే వచ్చింది. ఇంట్లో ఇప్పుడు అంటుకునే జబ్బేదీ లేదు కనుక, బిడ్డతో పుట్టింట్లో నెల్లాళ్ళు ఉంటానంది. కనకరత్నం చేట పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని లోపలికి వెళ్ళింది. బిడ్డను ఎత్తుకుని ఏదో చెబుతూ గదిలో అటూ ఇటూ తిరుగుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. ఏడుపు తగ్గింది.

రా, ఎత్తుకో అని లోపలినుంచి ఎవరైనా పిలుస్తారేమోనని భ్రమరాంబ కాసేపు అరుగుమీదే కూర్చుంది. ఎవరూ పిలవలేదు. ఆమె చేట దగ్గరికి లాక్కుని, మిగిలిన చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టింది.